డాక్యుమెంటరీ తీస్తే ఆ ఇళ్ళవాళ్ళకు ఊరట దొరుకుతుందా, గాయం మళ్ళీ రేగుతుందా?

మీ బస్తీలో గోడ కూలి ముగ్గురు పోయారని, ఏడాది కావస్తోందని, ఆ ఇళ్ళవాళ్ళతో డాక్యుమెంటరీ తీయాలా వద్దా అని అడిగారు. తీయండి. కానీ బయటివాళ్ళకు చూపించే ముందు వాళ్ళకే చూపించండి, వద్దన్నది తీసేయండి. నేను మొదట తలకిందులుగా చేశాను, అందుకే చెబుతున్నాను.

నాది పెళ్ళి వీడియోల పని. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వానలో మా మేనమామ పోయాడు. మూసారాంబాగ్ వైపు గల్లీలో స్కూటర్‌ను గట్టుకు తోయబోయి, నీళ్ళలో కొట్టుకుపోయాడు. మర్నాడు దొరికాడు. ఆ గల్లీలో ఇంకో రెండిళ్ళలోనూ అదే పరిస్థితి. రెండేళ్ళ తర్వాత కెమెరా పట్టుకుని వెళ్ళాను. అత్తమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఫోకస్ సరిచేసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఎడిటింగ్‌లో వాన చప్పుడు, కింద వేణువు వేసి టీవీ వార్తల్లా తయారుచేశాను.

ఆమెకు చూపిస్తే నాలుగు నిమిషాలు చూసి లేచి వంటింట్లోకి పోయింది. నేను వెనకే వెళ్ళాను. "నా ఏడుపు ఎవలకు సూపిస్తవ్ అల్లుడా? మీ మామ సచ్చుడొక్కటే యాదికుండాల్నా? ఆయన బతికున్నప్పుడు ఎట్లుండెనో గది సూపియ్" అంది.

దాంతో నా పాత హార్డ్ డిస్క్‌లు తిరగేశాను. 2018లో వాళ్ళ అమ్మాయి పెళ్ళి తీసింది నేనే. ఆ రోజు మామ వంటవాళ్ళతో గుత్తి వంకాయలో ఉప్పు ఎక్కువైందని కొట్లాడుతూ, మధ్యలో కెమెరాను చూసి "బంద్ చెయ్" అని చెయ్యి అడ్డంపెట్టిన ముక్క ఉంది. అప్పట్లో పనికిరాదని పక్కన పడేశాను. అత్తమ్మకు అదే కావాలి. పక్కింటావిడ వాళ్ళాయన పంపిన వాయిస్ మెసేజ్ తెచ్చింది: "పాలు తెస్తున్న, గ్యాస్ ముట్టియ్." ఇలా ఒక్కొక్కటీ తెచ్చి, నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "ఇది ముందు పెట్టు, అది తీసెయ్" అని వాళ్ళే ఎడిటింగ్ చేయించారు. ఆ మూడు నెలల్లో మూడిళ్ళ ఆడవాళ్ళు మొదటిసారి ఆ రాత్రి గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఒకే గల్లీలో ఉంటూ అంతవరకు ఆ మాటే ఎత్తలేదట. నన్నడిగితే ఊరట అక్కడే దొరికింది, తయారైన సినిమాలో కాదు.

ఇది నేను కనిపెట్టిందేం కాదని తర్వాత తెలిసింది. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో కోలిన్ లో (Colin Low) అనే దర్శకుడు, నేషనల్ ఫిల్మ్ బోర్డ్ అనే అక్కడి సర్కారు సినిమా సంస్థ తరఫున జాలర్ల మాటలు తీసి ముందు వాళ్ళకే చూపించాడు. నచ్చనివి తీసేయించే హక్కు వాళ్ళకే ఇచ్చాడు. అక్కడి కష్టం చావులు కాదు, దీవి ఖాళీ చేయమన్న సర్కారు ఒత్తిడి. అయినా సినిమాలు చూశాక జరిగిన మాటలు కూడా తోడై వాళ్ళు ఒక్కటై, సహకార సంఘం పెట్టుకుని, దీవిలోనే నిలబడ్డారు.

పని మొదలుపెట్టే ముందు కొన్ని చూసుకోండి. సంవత్సరికం దగ్గర్లో షూటింగ్ పెట్టకండి. "ఆ క్షణం ఎలా అనిపించింది" అని అడగొద్దు, ముందురోజు ఏం వండారో అడగండి, మిగతాది వాళ్ళకు చెప్పాలనిపిస్తే చెబుతారు. మొదట సంతకం పెట్టించుకున్నాం కదా అని ఊరుకోకుండా, ఎడిటింగ్ అయ్యాక మళ్ళీ అడగండి. ఘటన జరిగిన వెంటనే ఒక్క సిట్టింగ్‌లో అంతా చెప్పించడం వల్ల మేలు లేదని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటుంది. మీకు ఏడాది కావస్తోంది కాబట్టి అది మీకు నేరుగా వర్తించదు. కానీ తొందరపెట్టడం మాత్రం వద్దు.

మేం టెర్రస్ మీద తెల్ల దుప్పటి కట్టి, టెంట్ హౌస్ కుర్చీలు వేసి బస్తీకి చూపించాం. అయ్యాక ఓ పెద్దాయన లేచి, 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని వాళ్ళ తాత చెప్పేవాడన్నాడు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అంతవరకు మౌనంగా ఉన్నవాళ్ళంతా ఆ తర్వాత తమ ఇళ్ళ సంగతులు ఎత్తుకున్నారు. రాత్రి పన్నెండైంది.

ఒక తప్పు మాత్రం మిగిలిపోయింది. ఒకచోట వాన చప్పుడు తీసేయడం మర్చిపోయాను. తండ్రిని పోగొట్టుకున్న పదిహేనేళ్ళ పిల్లాడు చెవులు మూసుకుని మెట్లు దిగిపోయాడు. వాళ్ళమ్మ వెనకే వెళ్ళింది, నేను సినిమా ఆపేశాను. మరుసటి వారం వాళ్ళతో సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయించాను. అందులో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీరు ఆ నంబర్‌ను ముందే గోడ మీద రాసిపెట్టుకోండి. మీ సినిమాలో గోడ కూలిన చప్పుడు కూడా వేయకండి.