కొత్త రూట్ వేసిన వాళ్లలో ఎవరు గొప్ప? రాతిలో మిగిలిన కన్నాలు చూడండి

మీరు అడిగింది రెండు ప్రశ్నలు: కొండగోడల మీద కొత్త రూట్లు తొలిసారి ఎక్కిన క్లైంబర్లలో ఎవరంటే గౌరవం, ఎందుకు? హైదరాబాద్ చుట్టుపక్కల బండల మీద సొంతంగా రూట్ వేయాలనుకునే వాళ్లు వాళ్ల దగ్గర ఏం నేర్చుకోవచ్చు?

పేర్లకేం, కొల్లలు. నేను మాత్రం కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ దాటి పోను. అక్కడిదీ మన దగ్గరిలాగే గ్రానైటే. నా కొలబద్ద కూడా ఒక్కటే. పైకి చేరారన్నది సరే, రాతిలో ఎన్ని కన్నాలు పొడిచారు, ఎక్కడ పొడవకుండా చేయి ఆపుకున్నారు?

మొదట చెప్పాల్సింది జాన్ సలాథే గురించి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన కమ్మరి. పిటాన్ అంటే పగులులో దిగ్గొట్టి తాడు తగిలించే మేకు. అప్పటి యూరప్ పిటాన్లు మెత్తటి ఇనుముతో చేసేవారు. వంకరటింకర సున్నపురాతి పగుళ్లలో ఆ మెత్తదనం మంచిదే, మేకు వంగి పగులులో ఇమిడిపోతుంది. యోసెమిటీ గ్రానైట్‌లో పగుళ్లు సన్నగా, తిన్నగా ఉంటాయి. మెత్తటి మేకు సగం దిగకముందే మడతపడుతుంది, పీకితే మళ్లీ పనికిరాదు. సలాథే తన కొలిమిలో గట్టి మిశ్రమ ఉక్కుతో పిటాన్లు సాగగొట్టాడు. ఆ ఉక్కు పాత ఫోర్డ్ కారు ఇరుసులదని క్లైంబర్లు చెప్పుకుంటారు. కొట్టిన మేకునే పీకి మళ్లీ మళ్లీ కొట్టొచ్చు కాబట్టి కొద్ది సామానుతోనే రోజుల తరబడి గోడ మీద ఉండగలిగారు. 1947లో ఆంటన్ నెల్సన్‌తో కలిసి ఐదు రోజుల్లో లాస్ట్ ఆరో చిమ్నీ ఎక్కింది ఈ మేకుల బలంతోనే.

తర్వాత వారెన్ హార్డింగ్. ఎల్ కాపిటాన్ గోడ ఎత్తు సుమారు 900 మీటర్లు. దాని మీద నోస్ రూట్ 1957 జూలైలో మొదలుపెట్టి, కింది నుంచి తాళ్లు కట్టుకుంటూ, దిగి మళ్లీ ఎక్కుతూ, 1958 నవంబర్ 12 తెల్లవారుజామున వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్‌లతో పూర్తిచేశాడు. మధ్యలో ఒకచోట పగులు మామూలు పిటాన్‌కు మరీ వెడల్పు. పాత పొయ్యిల కాళ్లు తెచ్చి మేకులుగా దిగ్గొట్టారు. ఆ పగుళ్లకు ఈరోజుకీ స్టవ్‌లెగ్ క్రాక్స్ అనే పేరు. చివరి రాత్రి, బయటికి పొడుచుకొచ్చిన బండ కింద వేలాడుతూ, తలకు దీపం కట్టుకుని 28 బోల్టుల (పగులు లేని చోట రాతికి కన్నం పెట్టి బిగించే మేకుల) కన్నాలు చేత్తో తొలిచాడు. చేతి డ్రిల్ పట్టినవాళ్లకే తెలుస్తుంది అదెంత పనో. గట్టి గ్రానైట్‌లో పావు అంగుళం కన్నానికి అరగంట తేలిగ్గా పడుతుంది. ఒక్కో దెబ్బకూ డ్రిల్‌ను కొంచెం తిప్పాలి, లేకపోతే కన్నం గుండ్రంగా రాదు. పొడిని గొట్టంతో ఊదేయాలి, లేకపోతే మొన బిగుసుకుపోతుంది.

రాయల్ రాబిన్స్ దారి వేరు. 1961లో టామ్ ఫ్రాస్ట్, చక్ ప్రాట్‌లతో అదే గోడ మీద సలాథే వాల్ వేశాడు. మొత్తం రూట్‌కు 13 బోల్టులే. హార్డింగ్ నోస్‌లో వాడినవి 125 దాకా. కింది భాగానికి మాత్రం తాళ్లు కట్టి దిగివచ్చారు. తర్వాత వాటిని తీసేసి, మిగతాది ఒక్క ఊపున పూర్తిచేశారు. బోల్టు కొట్టేస్తే సమస్య తీరిపోతుంది. బోల్టు లేకుండా పగులు నుంచి పగులుకు దారి వెతకడంలోనే అసలు పనితనం ఉంది. నా ఓటు రాబిన్స్, ఫ్రాస్ట్, ప్రాట్ ముగ్గురికే.

అలాగని హార్డింగ్‌ను తీసిపారేయలేం. 1970లో డీన్ కాల్డ్‌వెల్‌తో 27 రోజులు ఎల్ కాపిటాన్ గోడ మీదే ఉండి డాన్ వాల్ అనే రూట్ ఎక్కాడు. బోల్టులు, రివెట్లు (పొట్టి మేకులు), కొక్కెం పెట్టే కన్నాలు కలిపి వందల్లో తొలిచారు. అది నచ్చక మరుసటి ఏడాది రాబిన్స్ డాన్ లారియాతో అదే రూట్ ఎక్కుతూ బోల్టులు నరుక్కుంటూ పోయాడు. కొన్ని పిచ్‌ల (ఒక్కో పిచ్ అంటే ఒక తాడు పొడవులో ఎక్కే భాగం) తర్వాత ఆపేశాడు. పైన హార్డింగ్ ఎక్కిన తీరు తాను అనుకున్నదానికంటే ఎంతో కష్టమైనదని అర్థమైంది. నరకడం తప్పో ఒప్పో తేలలేదు గానీ, మధ్యలో ఆపినందుకు నాకు రాబిన్స్ మీద గౌరవం పెరిగింది.

గట్టి పిటాన్‌కూ ఒక దోషం ఉంది. కొట్టి, పీకి, మళ్లీ కొడితే పగులు పెదవులు రాలిపోయి గుంతలు పడతాయి. అది చూసే ఫ్రాస్ట్, ఇవోన్ షునార్డ్ 1972 నాటికి తాము అమ్మే పిటాన్లను పక్కనపెట్టి, సుత్తి అక్కర్లేని నట్ల (పగులులో చేత్తో ఇరికించే లోహపు ముక్కల) వైపు మళ్లారు. ఇక నోస్‌ను మొదటిసారి ఫ్రీగా, అంటే జారితే ఆపడానికే తప్ప తాడునూ మేకులనూ పట్టి లాగి ఎక్కకుండా, 1993లో ఎక్కింది లిన్ హిల్. మరుసటి ఏడాది 24 గంటల్లోపే మళ్లీ ఎక్కింది. మగవాళ్ల వేళ్లు దూరని చోట ఆమె సన్నటి వేళ్లు దూరాయనే మాట నిజమే. కానీ కాళ్లు ఆనించే పట్టు లేని చేంజింగ్ కార్నర్స్ మూలలో అరచేతులు, మోచేతులు, తుంటి ఎదురెదురుగా నొక్కిపెట్టి ఒళ్లు తిప్పిన పద్ధతికి వేళ్ల సైజుతో సంబంధం లేదు.

ఇక మన బండల సంగతి. మన దగ్గర పగుళ్లు తక్కువ, నున్నటి ఏటవాలు ఎక్కువ. కాబట్టి బోల్టు తప్పదు. అయినా డ్రిల్ తీసేముందు పై నుంచి తాడు వేసుకుని రూట్ అంతా ఎక్కి చూడండి. కామ్ (పగులులో విచ్చుకుని బిగుసుకునే పరికరం) గానీ నట్ గానీ పట్టే చోట బోల్టు వద్దు.

బోల్టు పెట్టే చోట సుత్తితో తట్టండి. వడ్డెర మేస్త్రీలు రాయిని చూసేది ఇలాగే. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పై పొర లేచింది. ఎండకు మన గ్రానైట్ ఉల్లిపొరలా ఊడుతుంది. ఆ పొరలో కొట్టిన బోల్టు బిగించినప్పుడు బాగానే ఉంటుంది, మనిషి పడ్డప్పుడు పొరతో సహా వస్తుంది. అంచుకు కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉంచండి. 10 లేదా 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు వాడండి, సముద్రం దగ్గరైతే టైటానియం బోల్టు. హార్డ్‌వేర్ షాపు జింక్ బోల్టు జోలికి పోవద్దు. దాని హ్యాంగర్ (తాడు తగిలించే రేకు) వెనక తుప్పు బయటికి కనబడదు. కన్నాన్ని బ్రష్‌తో రుద్ది, ఊది, మళ్లీ రుద్ది ఊదాలి. పొడి మిగిలితే బోల్టు గట్టిగా పట్టదు, బిగిస్తుంటే తిరుగుతూనే ఉంటుంది.

ఎక్కువమంది తప్పుచేసేది రెండో బోల్టు దగ్గర. మొదటిది మూడు మీటర్ల ఎత్తున, రెండోది ఆరు మీటర్ల ఎత్తున పెట్టారనుకోండి. రెండోదానికి తాడు తగిలించబోతూ జారితే మొదటి బోల్టు దాకా మూడు, దాని కింద మరో మూడు, మొత్తం ఆరు మీటర్లు. అంటే నేరుగా నేల మీదికి, తాడు సాగుడు లెక్కేయకుండానే. రెండోది నాలుగు మీటర్ల దగ్గరే పెట్టండి. పైకి పోయేకొద్దీ ఎడం పెంచుకోవచ్చు.

కోట గుట్ట అయితే పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క కన్నం కూడా పెట్టకండి. ఊరి గుట్ట మీద గుడి ఉంటే ముందు ఊరి పెద్దలతో మాట్లాడండి.