క్లైంబ్ స్పీడ్, క్రూజ్ స్పీడ్: కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు పెద్దబాపు లేఖ

హనుమకొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. "పెద్దబాపూ, నెమ్మదిగా, నిటారుగా ఎక్కితే తక్కువ ఇంధనంతో పైకి చేరతాం కదా, మరి ఎ320 విమానంలో కంప్యూటర్ 300 నాట్ల వేగం దగ్గర ఎందుకు ఎక్కమంటుంది?" అన్నావు. మంచి ప్రశ్న.

గ్రీన్ డాట్ వేగం, అంటే తెర మీద ఆకుపచ్చ చుక్క చూపే వేగం, దగ్గర విమానానికి డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) అతి తక్కువ. అంతకంటే తగ్గితే రెక్క లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పుట్టించడానికి పడే తిప్పల వల్ల డ్రాగ్ పెరుగుతుంది, మించితే గాలి రాపిడి వల్ల పెరుగుతుంది. కొండ దాటాల్సి వచ్చినా, దిగే వంతు కోసం హోల్డింగ్‌లో చుట్టూ తిరగాల్సి వచ్చినా ఆ వేగం బంగారం. కానీ మనం ఊరు చేరాలి కదా. గ్రీన్ డాట్‌తో ఎక్కినవాడు 35 వేల అడుగులకు చేరేసరికి, 300 నాట్లతో ఎక్కేవాడు మైళ్ల కొద్దీ ముందుంటాడు. అతను క్రూజ్‌లో, అంటే పైన ఒకే ఎత్తులో, పోవాల్సిన దూరం అంత తగ్గినట్టే. అందుకే క్లైంబ్‌లో, అంటే పైకి ఎక్కేటప్పుడు, కాలే ఇంధనాన్ని విడిగా చూడకు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతుంటే నాగ్‌పూర్ దాటేసరికి మొత్తం ఎంత కాలింది, ఎన్ని నిమిషాలు పట్టింది, ఈ రెండూ చూడు.

10 వేల అడుగుల లోపు 250 నాట్ల పరిమితి ఉంది కాబట్టి అక్కడ లెక్క పెద్దగా మారదు. ఆ పైన 300 పట్టుకొని ఎక్కుతుంటే మాక్ నంబర్ (ధ్వని వేగంలో మన వేగం ఎన్నో వంతు అనేది) పెరుగుతూ పోయి, సుమారు 29 వేల అడుగుల దగ్గర 0.78 అవుతుంది. అక్కడి నుంచి మాక్ పట్టుకుంటాం.

ఇక కంప్యూటర్‌కు మనం ఇచ్చే కాస్ట్ ఇండెక్స్. నిమిషం ఖరీదును కిలో ఇంధనం ఖరీదుతో భాగిస్తే వచ్చే అంకె అది. నిమిషానికి 3,000 రూపాయలు, కిలోకు 100 రూపాయలు అనుకో, 30 వస్తుంది. సున్నా పెడితే ఇంధనం మాత్రమే చూసి నడుస్తుంది. సిబ్బంది గంటలు, గంటల లెక్కన అయ్యే మెయింటెనెన్స్ కూడా డబ్బే కాబట్టి, సున్నాయే పొదుపు అనుకోవద్దు. ఇంధనం బాగా కలిసొచ్చే వేగం చుట్టూ, వేగానికీ ఇంధనానికీ గీసిన గ్రాఫ్ దాదాపు చదునుగా ఉంటుంది. అందుకే ఒక్క శాతం ఇంధనం ఎక్కువ కాల్చితే చెప్పుకోదగ్గ వేగం వస్తుంది. లాంగ్ రేంజ్ క్రూజ్ అంటే అదే. ఆ చదును దాటాక మాత్రం డ్రాగ్ గబగబా పెరుగుతుంది.

ఆలస్యమైందని క్యాప్టెన్ టెన్షన్ పడి మాక్ 0.78 బదులు 0.80 పెట్టమన్నాడనుకో. గంట క్రూజ్‌లో మిగిలేది సుమారు ఒకటిన్నర నిమిషం, అంతే. జనగామ దాటాక బస్సు ఎంత ఉరికించినా ఉప్పల్ దగ్గర ఆగాల్సిందే కదా, ఢిల్లీ మీద దిగడానికి వరుస కట్టాల్సి వస్తే ఇదీ అంతే. కనెక్టింగ్ ప్రయాణికులు ఉన్నారా, సిబ్బంది డ్యూటీ టైం అయిపోతోందా అని ముందు అడుగు. ఆ నిమిషం నిజంగా పనికొస్తుందంటే ఇంధనం ఖర్చు పెట్టండి.

ఎదురుగాలిలో కొంచెం వేగం పెంచాలి, వెనకగాలిలో తగ్గించాలి. ఎదురుగాలిలో ఎంతసేపు ఉంటే అంత నష్టం. చలికాలం దుబాయ్ వైపు పోయేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కంప్యూటర్ ఈ సవరణ తానే చేస్తుంది, కానీ గాలి అంకెలు నువ్వు సరిగా ఎక్కిస్తేనే. క్రూజ్ లెవల్ గాలి ఒక్కటే పెట్టి ఊరుకోకు, క్లైంబ్ గాలులు కూడా ఎక్కించు. ఎత్తు విషయం కూడా మరువకు. ఇంధనం కరిగి బరువు తగ్గేకొద్దీ అనువైన ఎత్తు పైకి జరుగుతుంది. ఎంత చక్కటి మాక్ పెట్టినా, ఆ అనువైన ఎత్తుకు 4 వేల అడుగుల కింద నడిపితే వేగంలో మిగిల్చింది అక్కడ పోతుంది. పై లెవల్‌లో ఎదురుగాలి మరీ ఎక్కువగా ఉంటేనే కింద ఉండటం న్యాయం.

కంపెనీ ఇచ్చిన కాస్ట్ ఇండెక్స్‌ను నీకు నువ్వే మార్చకు. మార్చాలనిపిస్తే లెక్క చూపించి క్యాప్టెన్‌ను అడుగు. వచ్చే సెక్టార్‌లో (ట్రిప్పులో) నాగ్‌పూర్ దగ్గర ఇంధనం, టైం రాసుకో. దసరాకు ఇంటికొచ్చినప్పుడు కలిసి చూద్దాం.

మీ పెద్దబాపు