మీ ఉత్తరంలో తమ్ముడు ఎక్కడున్నాడు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక పల్లె. నా వయస్సు 29. విశాఖపట్నంలో రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. జర్మనీలోని ఒక పరిశోధనశాలలో రెండేళ్ళ పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగం (పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన) వచ్చింది, డిగ్రీ పూర్తి కాగానే చేరాలి. నాన్నగారికి కిడ్నీ జబ్బు, మూడేళ్ళుగా సోంపేటలో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. 2018లో తిత్లీ తుపానుకు మా కొబ్బరి తోట పడిపోయాక తమ్ముడి డిగ్రీ చదువు ఆగిపోయింది. ఇప్పుడు కంచిలిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తూ నాన్నను బండి మీద ఆసుపత్రికి తీసుకువెళుతున్నాడు. ఉద్యోగం ఖాయమైన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. దరఖాస్తు పెట్టానని మాత్రమే చెప్పాను. ఆ మాటకే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. మేనమామ పెళ్ళి చేసుకునే వెళ్ళాలంటున్నాడు. తమ్ముడున్నాడు కదా అని బంధువులు ధైర్యం చెబుతున్నారు. నాలుగు నెలలుగా థీసిస్ చివరి అధ్యాయం కదలడం లేదు. నాన్నను ఈ స్థితిలో వదిలి వెళ్ళడం పాపమా?

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు పేజీల ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను గానీ, జవాబు రాయడానికి కూర్చునే ముందు మొత్తం రెండుసార్లు చదివాను. ప్రతి పేరాలోనూ నాన్నగారు ఉన్నారు. అమ్మగారి కన్నీళ్ళున్నాయి, మేనమామ మాటలున్నాయి, మీ గైడు గారి ఓర్పు కూడా ఉంది. తమ్ముడు మాత్రం తుపాను నష్టాలను చెప్పే చోట ఒకసారి, బంధువుల మాటను చెప్పే చోట ఒకసారి, అలా వచ్చి ఇలా వెళ్ళిపోయాడు. వారానికి మూడు పూటలు పని మానుకుని, నీరసంతో తూలిపోయే మనిషిని వెనక కూర్చోబెట్టుకుని సోంపేట నుంచి ఇంటికి బండి నడిపే ఆ 26 ఏళ్ళ కుర్రవాడు ఏమనుకుంటున్నాడో ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అతణ్ణి అడగలేదని నాకనిపిస్తోంది. అడగడానికి భయపడుతున్నారని కూడా అనిపిస్తోంది. నేను పొరబడితే మన్నించండి.

ముందు థీసిస్ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు దాన్ని వేరే సమస్యగా, చివర్లో ఒక్క వాక్యంగా రాశారు. నాలుగు అధ్యాయాలు రాసి, ప్రీ-సబ్మిషన్ సెమినార్ కూడా ఇచ్చిన మనిషికి ముగింపు అధ్యాయం రాయడం చేతకాక ఆగిపోయిందంటే నేను నమ్మలేను. ఆ అధ్యాయం పూర్తయిన రోజున సబ్మిషన్ తేదీ తెలుస్తుంది, దాని వెంట వైవా అనే మౌఖిక పరీక్ష, దాని వెంట ప్రయాణం తేదీ వస్తాయి. అప్పుడు ఇంట్లో నోరు విప్పక తప్పదు. థీసిస్ పూర్తికానంత కాలం ఇంకా ఏదీ తేలలేదని అమ్మకూ చెప్పవచ్చు, మీకు మీరూ చెప్పుకోవచ్చు. మీరు కావాలని చేస్తున్నారని నేను అనడం లేదు. మనసు ఇలాంటి ఆసరాలు మనకు తెలియకుండానే వెతుక్కుంటుంది. అయితే ఈ ఆసరాకు మీరు చెల్లిస్తున్న ధర చాలా పెద్దది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించిన నాటి నుంచి వైవా ఫలితం వరకు మొత్తం ప్రక్రియను ఆరు నెలల్లో ముగించేలా విశ్వవిద్యాలయాలు ఏర్పాటు చేయాలి. అంటే మీరు ఈ నెల సమర్పించినా, పరీక్షకుల నివేదికలు వచ్చి వైవా జరిగేసరికి అర్ధ సంవత్సరం దాకా పట్టవచ్చు. ఐదేళ్ళ ఫెలోషిప్ మొన్న మార్చితో ముగిసిందని మీరే రాశారు. నెలకు 42,000 రూపాయలు వచ్చిన చోట ఇప్పుడు ఏమీ రావడం లేదు. నాన్నగారి మందులకు, రక్తపరీక్షలకు పంపే డబ్బు మీ పొదుపులో నుంచి పోతోంది. నాన్న కోసమే ఆగానని మీరు అనుకుంటున్న ఈ నాలుగు నెలలు నాన్నకు కూడా ఉపయోగపడలేదు.

కాబట్టి చివరి అధ్యాయానికి ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ కంటే ముందు తమ్ముడితో మాట్లాడండి. అమ్మకు చెప్పకముందే, మేనమామకు చెప్పకముందే అతనికి చెప్పండి. ఇంటి పెద్దలను కాదని చిన్నవాడికి ముందు చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. మీరు వెళ్ళాక రోజువారీ బతుకు మారేది అతనికే గనుక, ఆ మాట బంధువుల నోట వినే స్థితి అతనికి రాకూడదు.

తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. మీ ఉద్దానం ప్రాంతంలో ఒక్క రాత్రిలో కూలిపోయిన కొబ్బరి చెట్లు తిరిగి కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ ఏడు మీరు ఎమ్మెస్సీలో ఉన్నారు, అతడు డిగ్రీ రెండో ఏడులో ఉన్నాడు. ఇంట్లో ఇద్దరిలో ఒకరినే చదివించగలిగిన రోజున మీ చదువు నిలిచింది, అతని చదువు ఆగింది. అది మీ తప్పు కాదు. బాగా చదివే పిల్లను కొనసాగించాలని నాన్నగారు చేసిన నిర్ణయం ఆడపిల్లల చదువుల విషయంలో నేను తరచుగా చూసేదానికి భిన్నమైనది, దానికి ఆయనకు నమస్కరిస్తున్నాను. కానీ ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించింది మీ తమ్ముడే అన్న మాట ఇన్నేళ్ళలో మీ ఇంట్లో ఎవరైనా పైకి అన్నారా? అనకపోతే మీరు అనండి. "నువ్వు ఎలిపోతావు అప్పా, ఇక్కడ నేనుంటాను కదేటి" అని అతడు మామూలుగా అన్నా, ఆ మాటతో తృప్తి పడి లేచిపోకండి. మనవైపు మగపిల్లలు కష్టాన్ని ఆ ఒక్క ముక్కతోనే కప్పేస్తారు. ఆ మాటకు ఇంకో గంట అక్కడే కూర్చోండి.

అతని ఎదుట డబ్బు ప్రస్తావన ఒక్కటే తీసుకురాకండి. అక్కడి నుంచి నెలనెలా పంపుతానని మీరు చెబుతారు, పంపుతారు కూడా, సందేహం లేదు. అయితే డబ్బు పంపే అక్కకూ నాన్నను మోసే తమ్ముడికీ మధ్య ఒక రకమైన లెక్క పెరుగుతుంది. "నేను పంపుతున్నాను కదా" అని ఒకరూ, "నువ్వు చూస్తున్నావా" అని మరొకరూ అనుకునే ఇళ్ళు మనవైపు నాకు చాలా తెలుసు. అతనికి కావలసింది ముందుగా విడుదల, కనీసం కొన్ని పూటల విడుదల. వారంలోని మూడు పూటల్లో ఒకదానికి మీ ఊరి ఆటో మాట్లాడి అమ్మగారిని తోడు పంపండి, దాని ఖర్చు మీరు పెట్టుకోండి. ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలోనో సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో పూర్తి చేయాలని అతనికి ఉందేమో అడగండి, ఉంటే ఫీజు మీది. అతనికీ పెళ్ళీడు వచ్చింది. రోగి ఉన్న ఇంటికి పిల్లనెవరిస్తారని అతడు లోపల్లోపల కుమిలిపోతున్నాడేమో కూడా మీకు తెలియదు. రెండేళ్ళ ఒప్పందం ముగిశాక ఏం చేస్తారన్నది ఇప్పుడే తేలకపోయినా, దాన్ని అతనితో కూర్చునే తేలుస్తానని మాటివ్వండి.

ఇక నాన్నగారు. ఆయనను వదిలి వెళ్ళడం పాపమా అని మీరు నన్ను అడిగారు, ఆయనను అడగలేదు. వ్యాధి వచ్చిన మనిషి చుట్టూ ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఆయన తట్టుకోలేరని మనమే నిశ్చయించేసుకుంటాం. చుట్టూ కొబ్బరి చెట్లున్న ఊళ్ళో పుట్టి పెరిగి, పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్ళు మానుకుని, తాగే నీళ్ళను గ్లాసులతో కొలుచుకుంటూ, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు సూదులతో పడుకునే మనిషి ఆయన. అంత తట్టుకున్న మనిషి కూతురి ఉద్యోగం వార్తను తట్టుకోలేరా? తమ్ముడితో మాట్లాడిన వారమే డయాలసిస్‌కు ఆయన వెంట మీరు వెళ్ళండి. యంత్రం దగ్గర ఆ నాలుగు గంటలు ఆయనకు వేరే పని ఉండదు. అక్కడ నింపాదిగా, ఒప్పంద పత్రం చూపించి, ఎన్నాళ్ళో, జీతమెంతో, మధ్యలో ఎన్నిసార్లు రాగలరో అంతా చెప్పండి. ఆయన వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి, కానీ ఎందుకు వద్దంటున్నారో కూడా అడగండి. వెళ్ళమంటే ఆ మాటను త్యాగంగా మార్చి మళ్ళీ మీరు ఏడవకండి.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరి ఎదుటా స్పష్టంగా చెప్పుకోవాలి. చాలా కుటుంబాలు దీన్ని దాటవేస్తాయి, తరువాత జీవితమంతా బాధపడతాయి. ఆయనకు హఠాత్తుగా ఏదైనా అయితే, జర్మనీ నుంచి విశాఖ చేరి అక్కడి నుంచి కవిటి రావడానికి మీకు ఒకటిన్నర రోజు పట్టవచ్చు, టికెట్టు దొరకకపోతే అంతకు మించవచ్చు. మీరు సమయానికి అందకపోవచ్చు. ఈ మాట రాయడానికి నాకూ చేయి రావడం లేదు. అయినా ఆ గడియ వస్తే ఎవరి కోసం ఎంతసేపు ఆగాలో, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలో నాన్నగారి నోటనే విని ఉంచుకుంటే, ఆ భారం ఒక్క తమ్ముడి మీద పడదు, ఆ నింద మీ మీద పడదు. తిరుగు ప్రయాణానికి సరిపడే సొమ్మును మొదటి రెండు నెలల జీతంలోనే విడిగా పెట్టి, దాన్ని మరి దేనికీ ముట్టుకోకండి.

నాన్నగారిని అక్కడికే తీసుకువెళతానన్న మాట మాత్రం ఇవ్వకండి. సందర్శకుల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. ముందే ఉన్న జబ్బుకు అక్కడ చేయించే డయాలసిస్ ఖర్చును ప్రయాణ బీమాలు సాధారణంగా భరించవు. ఇక్కడ ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరుగుతున్న వైద్యమూ, నెలనెలా వస్తున్న 10,000 రూపాయల పింఛనూ ఆయనకు నిలకడైన ఆధారాలు. వాటిని కదపకుండా ఉండడమే మేలు. ఆయన మధ్యాహ్నం 12 గంటల విడతలో డయాలసిస్‌కు వెళితే, అప్పటికి అక్కడ వేసవిలో ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. మీరు పనికి బయలుదేరే ముందు ఆయన యంత్రం దగ్గర పడుకుని ఉండగా మాట్లాడుకోవచ్చు. విజయనగరంలో నాకు తెలిసిన ఒక పెద్దాయన, రాత్రి పడుకోబోయే ముందు వచ్చే కొడుకు ఫోనును రెండు నిమిషాల్లో పెట్టేసేవారు, ఊసుపోని పగటి వేళ వచ్చే కూతురి ఫోనును మాత్రం గంటసేపు వదిలేవారు కాదు.

మేనమామగారి మాటకు వస్తే, పెళ్ళి మీకు ఇష్టమైతే చేసుకోండి, వీసా తేదీకి ముడిపెట్టి మాత్రం చేసుకోకండి. ఆరు నెలల్లో సంబంధం చూసి, పెళ్ళి చేసుకుని, ఆ వెంటనే దేశం దాటడమంటే ఆ వచ్చే మనిషికి కూడా అన్యాయమే. మేనమామగారికి ఈ సంగతి మీకంటే అమ్మగారు చెబితే బాగా వింటారు.

నన్నడిగితే, మీరు వెళ్ళాలనే అంటాను. పాపమన్న మాట నాకు ఇక్కడ కనబడడం లేదు. తండ్రి తోట పడిపోయిన ఏడు కూడా ఆపని చదువు అది. చేరే తేదీని రెండు నెలలు వెనక్కు జరపమని అక్కడి ప్రొఫెసరును అడగడం తప్పేమీ కాదు, కారణం దాచకుండా రాయండి. వైవా అయిన వెంటనే ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకోండి, పాస్‌పోర్టు గడువు చూసుకోండి, ఆ రెండు నెలలు విశాఖలో గడపకుండా ఊళ్ళో ఉండండి.

చివరగా, మీరు అడగకపోయినా చెబుతున్నాను. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు, ముదిరేదాకా చాలామందిలో లక్షణాలూ కనబడవు. మీరు విమానం ఎక్కేలోగా అమ్మగారికీ, తమ్ముడికీ, మీకూ సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి, ఆ కాగితాలు తీసుకుని వైద్యుణ్ణి కలవండి. నొప్పి తగ్గాలని వైద్యుడు చెప్పకుండా మాత్రలు వేసుకునే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి. తమ్ముణ్ణి ఆ పరీక్షకు మీరే వెంటబెట్టుకు వెళ్ళండి. ఇన్నాళ్ళూ ఆసుపత్రికి అతడు వెళ్ళింది నాన్నగారి కోసమే.