క్లోన్ చేసిన పశువుల మాంసం అమెరికాలో అమ్ముతారట కదా, జనం తినడానికి ఎందుకు జంకుతారు? మీరైతే తింటారా?

తింటాను. కానీ ఫలానా అని నాకు చెప్పి పెట్టాలి. చెప్పకుండా పెడితే మాత్రం ఒప్పుకోను. జంకేవాళ్లలో ఎక్కువమంది బాధ కూడా ఇదేనని నా నమ్మకం.

నేను ఆంధ్రాలో పశువైద్యం చదివి, పైచదువుకి టెక్సాస్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. క్లోన్ అంటే ఒక పశువు కణం నుంచి అచ్చం దానిలాగే పుట్టించిన నకలు. ముందు ఒక అపోహ తీసేస్తాను. క్లోన్ చేసిన ఆవునే కోసి సాధారణంగా ఎవరూ అమ్మరు. ఒక్కో దూడకి వేల డాలర్లు ఖర్చవుతుంది, అంత పెట్టినవాడు దాన్ని కత్తికి ఇవ్వడు. మేలురకం ఆంబోతును క్లోన్ చేసి, దాని వీర్యంతో మందలు పెంచుతారు. అంగడికి వచ్చేది ఆ క్లోన్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. 2008 జనవరిలో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, క్లోన్ చేసిన ఆవులు, పందులు, మేకల మాంసం, పాలు మామూలు వాటిలాగే సురక్షితం అని తేల్చింది. గొర్రెల గురించి తగినంత సమాచారం లేదని వాటిని పక్కన పెట్టింది. క్లోన్లను మాత్రం అంగడికి పంపకుండా స్వచ్ఛందంగా ఆపమని వ్యవసాయ శాఖ పెంపకందారుల్ని కోరింది. వాటి పిల్లల విషయంలో ఆ మాట కూడా లేదు, పొట్లం మీద రాయాలన్న నిబంధనా లేదు. అంటే ఇన్నేళ్లలో నేను తిన్నానో లేదో నాకే తెలియదు.

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒకరోజు మేక మాంసం కొందామని హలాల్ దుకాణానికి తీసుకెళ్లాను. ముక్కలు కొట్టి, ట్రేలో పెట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి ఉంది. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "దీని తోకేదిరా?" అన్నారు. మా గుంటూరు వైపు తోలు తీసిన మేకపోతును వేలాడదీసేటప్పుడు తోక చివర వెంట్రుకలు అలాగే ఉంచుతారు, బీజాలు కూడా కొయ్యరు. కొనేవాడు వాటిని చూసి, ఇది మేకే, పోతే అని నిర్ధారించుకుని, అప్పుడు తొడ దగ్గర వేలు పెట్టి చూపిస్తాడు. ఇంటికి వస్తూ కార్లో నాన్నకి క్లోనింగ్ సంగతి చెప్పాను. ఆయనేం బెదరలేదు. "ఎట్టా పుట్టించారో వాళ్ల ఇష్టం. అడిగితే ఇది ఫలానా అని చెప్పేవాడు ఉండాలి గదా" అన్నారు.

ఐరోపా జనం చెప్పిందీ అదే. 2008లో యూరోబారోమీటర్ అనే ఐరోపా ప్రజాభిప్రాయ సర్వేలో 58 శాతం మంది, ఆహారం కోసం పశువుల్ని క్లోన్ చేయడం ఎప్పటికీ సమంజసం కాదన్నారు. నమ్మకమైనవాళ్లు సురక్షితమని చెప్పినా కొనేది అనుమానమేనని 63 శాతం మంది అన్నారు. 83 శాతం మంది దానికి ప్రత్యేకంగా లేబుల్ ఉండి తీరాలన్నారు. ఆ రెండో అంకె దగ్గర ఆగి చూడండి. నమ్మకమైనవాళ్లు చెప్పినా కొనం అంటున్నారంటే, అది అవగాహన లేక పుట్టిన భయం కాదు. ఇంకో పది ల్యాబ్ నివేదికలు చూపించినా పోదు.

2010లో బ్రిటన్‌లో అయిన గొడవా అలాంటిదే. అమెరికాలో క్లోన్ చేసిన ఆవు పిండాల నుంచి పుట్టిన ఒక ఆంబోతు మాంసం అప్పటికే జనం తినేశారని బయటపడింది. ఎవరికీ ఒంట్లో ఏమీ కాలేదు. అయినా దేశమంతా అట్టుడికిపోయింది, తమకు తెలియకుండా పళ్లెంలోకి వచ్చిందని. 2015 సెప్టెంబరులో యూరోపియన్ పార్లమెంటు క్లోన్లనూ వాటి సంతతినీ నిషేధించాలని 529-120 ఓట్లతో తీర్మానించింది, అది చట్టం కాలేదు. కెనడాలో 2025లో, ఇలాంటి మాంసానికి అమ్మకానికి ముందు పరీక్ష అక్కర్లేకుండా చేయబోయి, జనం తిరగబడటంతో నవంబరులో ఆపేశారు.

నాకు మాత్రం తినడం దగ్గర కాదు, పుట్టించడం దగ్గర మనసు ఒప్పదు. ఇక్కడ చదివేటప్పుడు ఒక పశుశాలలో పనిచేశాను. క్లోన్ పిండం మోస్తున్న ఆవు ఒక రాత్రి ఈనలేక పడిపోయింది. కడుపులో నీరు చేరి పొట్ట పీపాలా ఉంది. కోసి తీస్తే దూడ మామూలుకంటే ఎంతో పెద్దది, బొడ్డుతాడు నా మణికట్టంత లావు. నాలుక వాచి బయటికి వచ్చింది. ఒక గంట ఊపిరి పీల్చింది, అంతే. దూడని తీసేశాక కూడా ఆ ఆవు గడ్డి తడిసిన చోటే నాకుతూ ఉంది. ఇలాంటివి తగ్గాయంటారు, తగ్గే ఉండొచ్చు. డాలీ అనే క్లోన్ గొర్రెపిల్ల 1996లో పుట్టడానికి 277 ప్రయత్నాలు పట్టాయి. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. పొట్లం మీద ఒక్క ముక్క రాస్తే, ఈ కారణంతో వద్దనుకునేవాళ్లు వద్దనుకుంటారు.

అలాగని జనం ఎప్పటికీ ఒప్పుకోరనీ అనుకోను. మా నాయనమ్మ మొదట్లో గేదెకి ఎదసూది, అంటే కృత్రిమ గర్భధారణ సూది, వేయించనిచ్చేది కాదు, సూది దూడ పాలకి బలం ఉండదనేది. తర్వాత తర్వాత ఆ సూది వేసే గోపాలమిత్ర కోసం ఆవిడే మా బాబాయిని సైకిల్ మీద పంపేది. ఆ అబ్బాయి మా పెరట్లోనే నిలబడి, ఏ దున్న వీర్యమో, దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో చెప్పేవాడు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లోనే గరిమ అనే గేదె దూడని క్లోనింగ్‌తో పుట్టించింది, 2010లో పుట్టిన గరిమ-2 అనే క్లోన్ గేదె 2013లో మహిమ అనే దూడని ఈనింది కూడా. మనవాళ్లకి ఈ ప్రశ్న ముందు మాంసంలో కాదు, పాలలోనే ఎదురవుతుంది. అప్పుడు పెరట్లో నిలబడి చెప్పేవాడు ఉంటాడా అన్నదే నా బెంగ.

మీరు అమెరికాలో ఉండి క్లోన్లు వద్దనుకుంటే ఆర్గానిక్ ముద్ర ఉన్నవి కొనండి, అందులో క్లోన్లకి చోటు లేదు. నేనైతే నాన్న మాట విన్నాక ఊరి బయట మేకలు పెంచే ఒకాయన దగ్గరికి వెళ్తున్నాను. గంట ప్రయాణం. మందలో తిరుగుతున్న దాన్నే చూపిస్తాడు, తల్లి ఏదో, ఎన్ని నెలలదో అడిగితే చెప్తాడు. తోక అలాగే ఉంచమన్నాను. ఎందుకని అడగలేదు, ఉంచుతున్నాడు.