పాత రోడ్ బైక్: మార్చగలిగినవన్నీ మార్చాల్సినవి కావు

ప్రశ్న: కొత్త రోడ్ బైక్ (వంపు హ్యాండిల్ ఉండే రకం సైకిల్) కొందామని ఏడాదిగా నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను. ఇంతలో ఒకాయన 1990 ప్రాంతంలో తయారైన స్టీలు సైకిల్ అమ్ముతున్నారని తెలిసింది. నేను దాచినదాంట్లో సగానికే వస్తుంది. వెనక 7 గేర్లే ఉన్నాయి. గేర్ లీవర్లు హ్యాండిల్ మీద కాకుండా ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉన్నాయి. 'పార్టులు పాతవే, కానీ అన్నీ మార్చుకోవచ్చు' అంటున్నారాయన. మిగతా సగంతో ఒక్కొక్కటే మార్చుకుంటూ, చాలకపోతే వాయిదాల మీద తీసుకుంటూ, కొత్తదానిలా చేసుకుందామనుకుంటున్నాను. ఇది లాభమేనా?

జవాబు: పాత సైకిల్ కొనాలన్న మీ ఆలోచన నాకు నచ్చింది. దాన్ని కొత్తదానిలా చేయాలన్న ఆలోచన దగ్గరే నాకు భయం. మీ డబ్బు పోయేది అక్కడే.

'అన్నీ మార్చుకోవచ్చు' అని అమ్మే ఆయన అన్నది నిజమే. కానీ ఆ మార్చే ఖర్చు ఎవరిదో ఆ మాటలో లేదు. అది మీది. కాబట్టి ఆయన చెప్పిన ధరను సైకిల్ ధర అనుకోకండి. ధైర్యంగా రోడ్డెక్కించేలా తయారు చేయడానికి అయ్యే ఖర్చు కూడా కలిపితేనే అసలు ధర తేలుతుంది.

ముందుగా పాతబడిన భాగాన్నీ అరిగిపోయిన భాగాన్నీ వేరు చేసి చూడాలి. కింది గొట్టం మీది లీవర్లు పాత పద్ధతే, కానీ చెడిపోయేందుకు వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. షిమానో కంపెనీ 1984లో టిక్ టిక్‌మని గేరు పడే పద్ధతిని రోడ్ బైకుల్లోకి తెచ్చింది. బ్రేకూ గేరూ ఒకే లీవర్లో ఉండే పద్ధతి 1990లో వచ్చింది. మీరు చూసిన సైకిల్ సరిగ్గా ఆ మలుపులో తయారైంది. లీవర్ కోసం చెయ్యి కిందికి చాచడం కొత్తలో ఇబ్బందిగా ఉంటుంది, కొద్ది వారాల్లో అలవాటైపోతుంది. 7 గేర్ల ఫ్రీవీల్ (వెనక చక్రానికి బిగించే పళ్ల చక్రాల గుత్తి) ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. 6, 7, 8 గేర్లకు ఒకే రకం చైను సరిపోతుంది. 11, 12 గేర్ల చైన్లతో పోలిస్తే అది చవక కూడా. అంటే ఏటా అయ్యే ఖర్చులో పాత సైకిలే మీకు కలిసొస్తుంది.

అరిగిన వాటి సంగతి వేరు. టైర్లకు పగుళ్లుంటే, బ్రేకు రబ్బర్లు గట్టిపడిపోతే, కేబుళ్లు తుప్పుపడితే వెనకాడకుండా మార్చేయాలి. చైనును స్కేలుతో కొలవండి. కొత్త చైనులో 24 లింకులు పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. ఆ పొడవు 1/16 అంగుళం పెరిగితే చైను మార్చే వేళయింది. 1/8 దాకా వదిలేస్తే వెనక పళ్ల చక్రాలు కూడా చాలావరకు అరిగిపోయి ఉంటాయి, చైనుతో పాటు వాటినీ కొనాల్సి వస్తుంది. చిన్న ఖర్చు వాయిదా వేస్తే పెద్ద ఖర్చు ఎలా పుట్టుకొస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఇక మీ అసలు పథకానికి వద్దాం. 'ఒక్కొక్కటే మార్చుకుంటూ' అన్నారు. సైకిల్లో చాలా భాగాలు ఒంటరిగా మారవు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఉంటుంది. 7 గేర్లను 11 చేయాలనుకున్నారనుకోండి. ఆ కాలపు 7 గేర్ల ఫ్రేముల్లో వెనక చక్రం కూర్చునే చోటు వెడల్పు మామూలుగా 126 మిల్లీమీటర్లు. 11 గేర్ల చక్రానికి 130 కావాలి. స్టీలు ఫ్రేమ్ కాబట్టి తెలిసిన మెకానిక్ జాగ్రత్తగా ఆ నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు చేయగలరు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములకు ఆ పని చేయించకూడదు. సరే, చక్రం పట్టింది. ఇప్పుడు కొత్త పళ్ల చక్రాలు, సన్నటి చైను, వెనక గేర్ మార్చే డీరెయిలర్, కొత్త లీవర్లు, వాటికి కేబుళ్లు, హ్యాండిల్ టేపు కావాలి. కొత్త లీవర్లకు పాత బ్రేకులు సరిగా కుదరకపోతే అవి కూడా కొనాలి. నాలుగు గేర్లు పెంచుదామని మొదలుపెడితే సైకిల్లో సగం కొన్నట్టవుతుంది. విడివిడిగా కొంటే ఈ భాగాలన్నిటి ఖర్చు, ఇవే అమర్చి వచ్చే పూర్తి సైకిల్ ధరకు సులభంగా దగ్గరపడుతుంది. ఎందుకంటే తయారీదారులు వీటిని టోకున కొంటారు, మీరు ఒక్కో డబ్బా కొంటారు. పైగా రేపు అమ్మాలనుకుంటే దాన్ని పాత సైకిల్‌గానే చూస్తారు. మీరు పెట్టిన కొత్త పార్టుల డబ్బు తిరిగి రాదు.

అసలు మార్చలేనివి కొన్ని ఉన్నాయి. కొనాలా వద్దా అనేది వాటిని బట్టి తేల్చుకోండి. మొదటిది సైజు. ఫ్రేమ్ మీ ఎత్తుకు సరిపోకపోతే ఎంత చవకైనా వదిలేయండి, సీటు పైకీ కిందికీ జరిపితే అది సరికాదు. రెండోది ఫ్రేమ్ ఆరోగ్యం. హ్యాండిల్ కిందుండే గొట్టం దగ్గర, కింది గొట్టం అడుగువైపు పెయింటు ముడతలు పడి ఉంటే ముందునుంచి గుద్దుకుని ఉండొచ్చు. పెడళ్ల ఇరుసు ఫ్రేములో కూర్చునే చోటు చుట్టూ, వెనక చక్రం బిగించే చోట పగుళ్లున్నాయేమో వెలుతురులో వెతకండి. చక్రాల సైజు కూడా అడగండి. పాత 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, ఇప్పుడు వాడే 700సి రిమ్ముది 622. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు.

మూడోదాన్ని ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. చాలా ఏళ్ల కిందట ఇలాంటి స్టీలు సైకిల్ కొన్నాను. సీటు కింది అల్యూమినియం గొట్టం స్టీలు ఫ్రేములో బిగుసుకుపోయి ఉంది. ఈ రెండు లోహాలూ తేమలో ఏళ్లపాటు కలిసుంటే అల్యూమినియం తుప్పుపట్టి ఉబ్బి, అంటుకుపోతుంది. రెండు చోట్లకు తీసుకెళ్లాను, నూనెలు పోశారు, కోసి తీశారు. ఆ కూలి, కొత్త గొట్టం కలిపితే నేను సైకిల్‌కు పెట్టినదాంట్లో పెద్ద వాటాయే అయింది. కొనేముందు బోల్టు వదులు చేసి ఒకసారి తిప్పి చూసి ఉంటే తెలిసేది. హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే భాగం) కూడా అలాగే కదిలించి చూడండి.

డబ్బును ఇలా పంచుకోండి. మీరు దాచినది 100 భాగాలనుకుంటే, సైకిల్‌కు 50 దాటొద్దు. 25 మొదటి నెలకు: టైర్లు, ట్యూబులు, రబ్బర్లు, కేబుళ్లు, అవసరమైతే చైను, ఫ్రీవీల్, బేరింగులకు కొత్త గ్రీజు, మెకానిక్ కూలి, హెల్మెట్, తాళం, పంపు. మిగిలిన 25 కనీసం ఆరు నెలలు ముట్టుకోకండి. ఈ 50, 25, 25 ఎక్కడో రాసిపెట్టిన సూత్రం కాదు, నా అనుభవంలోంచి చెబుతున్న కొలత. కొనేముందే ఒక మెకానిక్‌కు చూపించి రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. అది 25 దాటితే, దాటినంతా ధరలో తగ్గించమని అడగండి. తగ్గించకపోతే వెనక్కి వచ్చేయండి. మొహమాటపడొద్దు.

వాయిదాల మీద పార్టులు మాత్రం వద్దు. దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. విలువ తగ్గిపోయే వస్తువు మీద, అదీ సరదా కోసం, వడ్డీ కట్టడం మీరు ఏడాదిగా అలవాటు చేసుకున్న పొదుపును మీరే చెడగొట్టుకోవడం. ఆ నెలనెలా పక్కన పెట్టే అలవాటు ఈ సైకిల్ కంటే విలువైనది, దాన్ని ఆపకండి. సైకిల్ కొన్నాక కూడా, తగ్గించైనా సరే, అదే తేదీన వేస్తూ ఉండండి.

ఆరు నెలలు తొక్కాక మీకే తెలుస్తుంది. ఎత్తులెక్కడం కష్టంగా ఉంటే వెనక పెద్ద పళ్లున్న 7 గేర్ల ఫ్రీవీల్ వేస్తే చాలొచ్చు. డీరెయిలర్ ఎన్ని పళ్ల వరకు లాగగలదో మాత్రం ముందు అడగండి. నిజంగానే 11 గేర్లు, డిస్క్ బ్రేకులు కావాలనిపిస్తే ఈ సైకిల్‌కు అవి తగిలించకండి. దీన్ని అమ్మేయండి. పడిపోవాల్సిన ధర మొదటి యజమాని చేతిలోనే పడిపోయింది కాబట్టి, సరైన ధరకు కొని ఉంటే మీకు పెద్ద నష్టం ఉండదు. ఆ డబ్బుకు మీ 25, ఆరు నెలల పొదుపు కలిపి కొత్తది కొనుక్కోండి.

వారాంతంలో వెళ్లి చూస్తారు కదా. స్కేలు, బోల్టుకు సరిపడే పానా తీసుకెళ్లి, సీటు గొట్టం తిరిగిందో లేదో నాకు రాయండి. తిరక్కపోతే ఎంత తగ్గించమని అడగాలో కలిసి లెక్కేద్దాం.