పాత సైనిక విమానాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం, ఇరవై ఏళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో ఉన్నాము. 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికినప్పటి నుంచి, అలాంటిది ఒకటి కొని, బాగు చేయించి, వీలైతే గాలిలోకి లేపాలనే కోరిక మమ్మల్ని వదలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు. (ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: మిగ్-21తో మాత్రం మొదలుపెట్టకండి. 1963లో మన దళంలో చేరి అరవై రెండేళ్లు సేవ చేసిన ఆ విమానం మీద మీకున్న అభిమానం నాకూ ఉంది. అయితే అమెరికాలో ఇటువంటి విమానాలను సొంతంగా నడిపేవారు కొందరు ఉన్నారని చదివి, ఇక్కడా అది సాధ్యమేనని అనుకోవడం పొరపాటు. సేవ ముగిసిన సైనిక సామగ్రి మన దేశంలో ఎంఎస్‌టీసీ వంటి ప్రభుత్వ సంస్థ వేలాలలో అమ్ముడైనా, అది ఎక్కువగా తుక్కుగానే చేతికి వస్తుంది. ఒకవేళ నిండు శరీరం దొరికినా, పైలట్ కూర్చునే సీటు కింద ఉండే పేలుడు మందు గుళికలను అర్హులు తీసివేశారన్న ధ్రువపత్రం చూడనిదే ఎవరినీ కాక్‌పిట్‌లోకి ఎక్కనివ్వకండి. ఆపదలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే ఆ గుళికలకు యుద్ధం ముగిసిందన్న సంగతి తెలియదు.

ఎగిరే విమానమే కావాలనుకుంటే టైగర్ మాత్ వంటి శిక్షణ విమానంతో మొదలుపెట్టమని నా సలహా. 1931లో తొలిసారి ఎగిరిన ఈ రెండంతస్తుల రెక్కల విమానాలు ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి కనుక విడిభాగాలు, వాటిని తెలిసిన మెకానిక్కులు బ్రిటన్‌లో ఇప్పటికీ దొరుకుతారు. 130 గుర్రాల బలమున్న జిప్సీ మేజర్ ఇంజన్, కర్ర రెక్కలు, ఉక్కు గొట్టాల శరీరం, వాటి మీద బిగించిన గుడ్డ, ఆ గుడ్డకు పూసిన డోప్ అనే లేపనం, ఇంతే దాని నిర్మాణం. బ్రేకులు లేవు, స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పవలసిందే. మన వైమానిక దళం తన పాతకాలపు విమానాల విభాగం కోసం ఇటువంటి విమానాన్నే బ్రిటన్‌లో బాగు చేయించగా, అది 2012 వైమానిక దళ దినోత్సవంనాడు హిండన్‌లో ఎగిరింది. ఇంధనం విషయంలో మునుపటంత ఇబ్బంది లేదు. ఇటువంటి ఇంజన్లకు వాడే ఏవ్‌గ్యాస్‌ను ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దేశంలోనే తయారు చేస్తోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు డబ్బు ఇవ్వవలసింది ముందుగా కాగితాలకు, ఆ తరువాతే లోహానికి. విమానానికి ఒక గుర్తింపు పలక, దానికి సరిపోయే లాగ్‌బుక్కులు, యజమానుల వరుస, చివరిసారి ఎగిరిన తేదీ, మార్చిన భాగాల ధ్రువపత్రాలు ఉంటాయి. ఇవన్నీ ఉన్న తుప్పుబట్టిన విమానం, ఇవేవీ లేని మెరిసే విమానం కంటే ఎన్నో రెట్లు విలువైనది. బ్రిటన్‌లో ఎగిరే రెండో ప్రపంచయుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలలో కొన్నింటికి రెక్కలు, తొడుగు దాదాపు మొత్తం కొత్తవే అయినా, ఆ చిన్న పలకకు, దాని వెనుక ఉన్న అవిచ్ఛిన్న చరిత్రకు కొనేవారు లెక్కగట్టి డబ్బిస్తారు. మన దేశపు విమానాల గుర్తు అయిన వీటీ అక్షరాలతో నమోదు కావాలన్నా, గగనయోగ్యతా పత్రం రావాలన్నా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారి మొదట అడిగేది ఈ కాగితాల కట్టనే.

ఈ పాఠం నాకు డబ్బు పోగొట్టుకున్నాకే వచ్చింది. చాలా ఏళ్ల క్రితం మేము ముగ్గురం కలిసి ఒక పాత సామాను వ్యాపారి షెడ్డు నుంచి జిప్సీ మేజర్ ఇంజన్ ఒకటి కొన్నాము. గ్రీజులో మునిగి, గోనెపట్టాలో చుట్టి ఉన్న దానిని చూసి మురిసిపోయాము. లాగ్‌బుక్కు కూడా ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో పలకను తుడిచి చూస్తే దాని మీది చివరి అంకె 3, లాగ్‌బుక్కులో 8. ఒక్క అంకె! రాసినవాడి తప్పో, రెండు ఇంజన్ల కథ ఒకటైపోయిందో తేల్చేవారెవరూ దొరకలేదు. విప్పి చూస్తే ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ మీద సూదిమొన అంత గుంటలు కనిపించాయి. నీళ్లు చేరి ఎన్నో ఏళ్లు నిలిచాయన్నమాట. ఆ ఇంజన్ ఇప్పుడు సగానికి కోసిన రూపంలో ఒక కళాశాల ప్రయోగశాలలో పిల్లలకు పనికివస్తోంది.

నలుగురూ కలిసి కొంటున్నారు కాబట్టి ఒకరు మధ్యలో తప్పుకుంటే వారి వాటా ఏమవుతుందో ముందే రాసుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పను, మీకే తెలుసు.

ప్రశ్న: పాడుపడిన యుద్ధవిమానాలను మన బెంగళూరులోనే బాగు చేసిన సందర్భం ఉందా? హెచ్ఏఎల్‌లో పనిచేసిన మా తాతగారు ఏదో చెప్పేవారు, నాకు సరిగా గుర్తులేదు. (ఒక పాఠకురాలు, జయనగర)

జవాబు: మీ తాతగారు బహుశా లిబరేటర్ల గురించే చెప్పి ఉంటారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కాన్పూరులో బ్రిటిష్ వారు నాలుగు ఇంజన్ల బీ-24 లిబరేటర్ బాంబర్లను వదిలి వెళ్లారు. అవి మళ్లీ ఎవరికీ పనికిరాకూడదని వాటిని కావాలనే ధ్వంసం చేసి మరీ వెళ్లారు. స్వతంత్ర భారతానికి అప్పటికి భారీ బాంబర్లు లేవు, కొనడానికి డబ్బూ లేదు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు (తరువాతి హెచ్ఏఎల్) ఆ పని అప్పగించగా, ఒకదాని భాగాలు మరొకదానికి అమర్చి, బెంగళూరు దాకా ఎగరడానికి మాత్రమే చాలినంతగా కాన్పూరులోనే సరిచేశారు. వాటిని ఇక్కడికి నడిపి తెచ్చినవాడు సంస్థ ప్రధాన పరీక్షా పైలట్ జంషెడ్ మున్షీ. ఎవరో గునపంతో పొడిచి వదిలేసిన విమానాన్ని అతుకులేసి, దానిలో కూర్చుని దాదాపు 1,500 కిలోమీటర్లు ఎగిరి రావడం, అదీ మళ్లీ మళ్లీ, ఎంత గుండె ధైర్యమో ఆలోచించండి. ఇక్కడ పూర్తిగా బాగుపడిన నలభై దాకా విమానాలు వైమానిక దళంలో 1968 వరకు సేవ చేశాయి.

వాటిలో ఒకటి 1969లో అమెరికాలోని పీమా ప్రదర్శనశాలకు, మరొకటి 1974లో బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ ప్రదర్శనశాలకు చేరాయి. వదిలి వెళ్లినవారే తిరిగి అడిగి తీసుకున్నారని నవ్వుకునే హక్కు మనకుంది. వీలైతే పాత విమానాశ్రయం రోడ్డులోని హెచ్ఏఎల్ వారసత్వ ప్రదర్శనశాలకు వెళ్లిరండి. ఇక్కడే పుట్టిన శిక్షణ విమానం హెచ్‌టీ-2ను, యుద్ధవిమానం మారుత్‌ను దగ్గర నుంచి చూడవచ్చు.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో ఒక యుద్ధవిమానాన్ని ప్రదర్శనకు ఉంచాలనుకుంటున్నాము. (ఒక అధ్యాపకుడు, హోసూరు)

జవాబు: కొనవద్దు, అడగండి. సేవ నుంచి తప్పించిన విమానాలను సంస్థలకు ప్రదర్శన కోసం కేటాయించే పద్ధతి వైమానిక దళానికి ఉంది. అనుమతి వచ్చాక రవాణాకు, స్థాపనకు డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. చక్రాల మీద బరువు పడకుండా ఇనుప స్టాండ్ల మీద నిలపండి, లేకపోతే టైర్లు రెండేళ్లలో చదునైపోతాయి. విమానం అడుగున నీరు కారే రంధ్రాలను రంగుతో మూసివేయవద్దని పెయింటరుకు ముందే చెప్పండి.

ప్రశ్న: మా పెదనాన్నగారు ఎప్పుడో కొన్న టైగర్ మాత్ రెక్కలు నాలుగు మా షెడ్డులో ఉన్నాయి. వీటిని ఎలా కాపాడాలి? మళ్లీ వాడవచ్చా? (ఒక పాఠకుడు, పల్లావరం, చెన్నై)

జవాబు: చెన్నై గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి కనుక మీ రెక్కలకు గుడ్డ కంటే లోపలి కర్ర గురించే నాకు ఎక్కువ భయం. ఆ కాలంలో కర్ర భాగాలను అతికించడానికి పాల నుంచి తీసిన కేసీన్ జిగురు విస్తారంగా వాడేవారు. ఎండకు కర్ర ఆరి కుంచించుకుపోయి, తేమకు ఉబ్బి, ఆ జిగురు పట్టు వదిలేస్తుంది, బూజు కూడా పడుతుంది. 1944లో మన దేశంలోనే మస్కిటో అనే కర్ర విమానాల రెక్కలు గాలిలో విడిపోయి ప్రమాదాలు జరిగాయి.

గుడ్డను బ్లేడుతో ఒక మూల జాగ్రత్తగా కోసి, టార్చి వేసి లోపలికి చూడండి. డోప్ వాసన ఇంకా ఘాటుగా వస్తే కొంత ఊరట. పలకలు కలిసే చోట జిగురు గీత నల్లగా, పొడిపొడిగా ఉన్నా, వేలిగోరుతో గీస్తే రాలినా ఆ అతుకు పోయినట్టే. ఎలుకల పెంటికలు కనిపిస్తే మరింత జాగ్రత్తగా వెతకండి, ఎందుకంటే వాటి మూత్రం అల్యూమినియం బిగింపులను తినేసి, పైన తెల్లటి పొడిలా తేలుతుంది. ఇవేవీ లేకపోయినా, అర్హత గల ఇంజనీరు మొత్తం విప్పి చూడకుండా ఆ రెక్కలు గాలిలోకి వెళ్లకూడదు.

దాచే పద్ధతి మాత్రం తేలిక. రెక్కలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టవద్దు. ముందు అంచు కిందికి వచ్చేలా నిలబెట్టి, కింద మెత్తటి పరుపు ముక్కలు వేసి, గోడకు జానెడు దూరంలో ఉంచండి. ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమ్మ చేరుతుంది. పాత నూలు దుప్పటి చాలు. మీ షెడ్డు పైకప్పు ఎక్కడైనా కారుతుంటే, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు దానిని బాగు చేయించండి.