గాజా యుద్ధంపై కౌన్సిలర్ మాట్లాడితే పదవి పోతుందా?

ప్రశ్న: నేను మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలర్‌ని. గాజాలో యుద్ధం ఆపాలని తీర్మానం పెడతానంటే చైర్‌పర్సన్ ఒప్పుకోలేదు. ఫేస్‌బుక్‌లో రాసినా సభ్యత్వం పోతుందని ఒక సీనియర్ సభ్యుడు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: పోదు. మున్సిపల్ చట్టం చెప్పే అనర్హతల్లో యుద్ధంపై అభిప్రాయం చెప్పడం లేదు. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన తగ్గదు. విదేశాలతో స్నేహ సంబంధాల కోసం ఆంక్షలు పెట్టొచ్చని 19(2)లో ఉన్న మాట నిజమే. కానీ అందుకు చట్టం ఉండాలి, సీనియర్ల కన్నెర్ర చాలదు. మీ పార్టీ చర్య తీసుకుంటే అది వేరే సంగతి.

తీర్మానం విషయంలో మాత్రం చైర్‌పర్సన్ మాటలో పస ఉంది. విదేశీ వ్యవహారాలు, యుద్ధం, శాంతి కేంద్ర జాబితాలోవి, అంటే కేంద్రం చూసుకునేవి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ మున్సిపాలిటీలకు ఇచ్చిన అంశాలు 18: రోడ్లు, నీళ్లు, పారిశుద్ధ్యం, ఆఖరికి శ్మశానాలు కూడా. యుద్ధం వాటిలో లేదు. శ్రీలంక తమిళుల కోసం తమిళనాడు అసెంబ్లీ 2013లో తీర్మానం చేసింది కదా అనొచ్చు. అది శాసనసభ. మీ కౌన్సిల్ పరిధి దాటి తీర్మానం చేస్తే ప్రభుత్వం దాన్ని రద్దు చేయగలదు. పైగా మున్సిపల్ నిధులతో ఫ్లెక్సీలు కట్టిస్తే ఆడిట్‌లో ఆ ఖర్చు మీ మెడకు చుట్టుకుంటుంది.

చాలామంది కౌన్సిలర్లకు తెలియని తేడా ఒకటుంది. అసెంబ్లీలో మాట్లాడిన మాటకు ఎమ్మెల్యేపై కోర్టులో కేసు నడవదు, 194వ అధికరణ కాపాడుతుంది. కౌన్సిల్ హాల్లో మీకు ఆ రక్షణ లేదు. అక్కడ అన్నా బజార్లో అన్నా ఒకటే. మతాల మధ్య శత్రుత్వం రేపేలా మాట్లాడారంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 196వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు.

మన దేశమే యుద్ధంలో ఉన్నప్పుడు ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో సోషల్ మీడియా పోస్టులపై బీఎన్ఎస్ 152 (దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తేవడం) కింద కూడా కేసులు పెట్టారు. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. అయితే పాకిస్తాన్‌కు స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు చెప్పడం నేరం కాదంటూ, కొల్హాపూర్ లెక్చరర్‌పై ఎఫ్‌ఐఆర్‌ను సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది.

ర్యాలీకి పోలీసు అనుమతి తీసుకోండి. ముంబైలో గాజా నిరసనకు అనుమతి కోరిన సీపీఎం పిటిషన్‌ను 2025 జులైలో బాంబే హైకోర్టే తోసిపుచ్చింది, మన దేశ సమస్యలు చూసుకోండని హితవు కూడా చెప్పింది. ఆ హితవు నాకు నచ్చలేదు.

మీకు నా సలహా: తీర్మానం వదిలేయండి. విదేశాంగ మంత్రికి మీ పేరుతో తెల్లకాగితం మీద ఉత్తరం రాయండి, మున్సిపాలిటీ లెటర్‌హెడ్ వాడకండి.